తిరుగలి పాటల తల్లి బహిణాబాయి

మహారాష్ట్రమునకు ఉత్తరపు కొనయందు ఖాందేశమను సీమ కలదు. తపతీనది ఆ సీమగుండ పడమటికి ప్రవహించి అరబ్బీ సముద్రమున కలియును. అచ్చటి నేల నల్లరేగడి. ప్రత్తియు, జొన్నయు అచ్చటి ముఖ్యమైన పంటలు. వేసవిలో ఆ నేల బీటలు వాఱి దప్పిగొన్నట్లుండును. తొలకరి చినుకు పడినంతనే మెత్తనై విత్తనమునకు ఎదురు చూచును. వాన కురిసిన యేడు కాపువాని యింట పండుగ. కురియని యేడు పస్తు. ఆ సీమలో జలగాంవ్ పెద్ద పట్టణము. దానికి సమీపమున అసోదె యను పల్లె కలదు. ఆ పల్లెలో పుట్టి, జలగాంవ్‌లో కాపురము చేసి, జీవితమంతయు పొలమునందును, పొయ్యికడను శ్రమించి, ఒక్క అక్షరమైనను వ్రాయ నేర్వకయే మరాఠీ సాహిత్యమున శాశ్వతస్థానము నందిన తల్లి బహిణాబాయి చౌధరి.

మరాఠీ సాహిత్య చరిత్రలో ఇదే పేరుగల మఱియొక స్త్రీ కలదు. ఆమె పదునేడవ శతాబ్దమునకు చెందిన భక్తురాలు, తుకారామునకు శిష్యురాలు. ఖాందేశపు బహిణాబాయి ఆమెకు రెండువందల యేండ్లకు పైగా తరువాత పుట్టినది. మొదటి యామెను మహారాష్ట్రులు సంతులలో ఒకరిగా పూజింతురు. రెండవ యామె సామాన్యురాలైన కాపుటిల్లాలు. ఆమెకు గురువులు లేరు, శిష్యులును లేరు. ఉన్నవి ఒక పొలము, ఒక యిల్లు, ముగ్గురు బిడ్డలు, మోయరాని కష్టములు, చెదరని నమ్మకము. ఈ మూటతోనే ఆమె తన బ్రతుకును సాగించెను. దీనినుండియే తన పాటలను తీసెను.

బహిణాబాయి 1880వ సంవత్సరమున జన్మించెను. తండ్రి ఉఖాజీ మహాజన్, తల్లి భీమాయి. ఆమెకు ముగ్గురు సోదరులును, ముగ్గురు సోదరీమణులును ఉండిరి. ఆ దినములలో పల్లెటూరి ఆడుపిల్లను బడికి పంపవలెనను తలపే ఎవరికిని కలిగెడిది కాదు. పిల్ల నడక నేర్చిన కొలదినాళ్లకే పనియు నేర్చుకొనవలసి యుండెను. నీరు తోడుట, పేడ ఎత్తుట, పిడకలు చేయుట, చేనిలో కలుపు తీయుట, ప్రత్తి ఏరుట—ఇవియే ఆమె పాఠములు. పలకయు బలపమును ఆమె చేతికి రాలేదు.

అయినను ఆ పల్లెలో విద్య లేకపోలేదు. అది చెవులగుండ వచ్చెడి విద్య. మహారాష్ట్రమున జ్ఞానదేవుడు, నామదేవుడు, తుకారాము మొదలగు సంతుల అభంగములను రైతులు తరతరములుగా పాడుకొనుచున్నారు. ఆషాఢమాసమున వేలకొలది జనులు పండరిపురమునకు కాలినడకను పోయి విఠలుని దర్శింతురు. జ్ఞానదేవుని చెల్లెలు ముక్తాబాయి పేర వెలసిన పుణ్యక్షేత్రము జలగాంవ్ సీమలోనే కలదు. చదువురాని వారికి సైతము ఈ భక్తుల కథలును, రామాయణ భారతములును నోటికి వచ్చును. బహిణాబాయి పెరిగినది ఇట్టి వాతావరణముననే. విన్నదానిని మఱవకుండుటయు, కన్నదానిని శ్రద్ధగా చూచుటయు ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణములు.

ఆ కాలమున పల్లెలలో పిండిమరలు లేవు. ఇంటిల్లిపాదికి కావలసిన జొన్నపిండిని ఆడువారే ప్రతిదినము విసరుకొనవలెను. కోడి కూయకమునుపే లేచి, చీకటిలో తిరుగలికడ కూర్చుండి, ఒక చేత పిడిని త్రిప్పుచు, రెండవ చేత పైరాతి నడుమనున్న రంధ్రములో గింజలను పోయుచుందురు. రాళ్లనడుమ నలిగిన పిండి చుట్టును రాలును. భుజములు నొప్పిపుట్టు పని యది. ఆ నొప్పిని మఱచుటకై స్త్రీలు పాటలు పాడుకొనుట ఆచారము. తెలుగుపల్లెలలో తిరుగలి పాటలును, దంపుళ్ల పాటలును పుట్టినది ఇట్లే. మరాఠీలో ఇట్టి పాటకు ఓవి యని పేరు. జ్ఞానదేవుడు 1290వ సంవత్సరమున భగవద్గీతకు రచించిన గొప్ప వ్యాఖ్యానము ఈ ఓవీ ఛందస్సులోనిదే. పండితుల గ్రంథమునకును, పల్లెపడతుల తిరుగలికిని మరాఠీ దేశమున ఒకే నడక కుదిరినది. బహిణాబాయి చేతికి చిన్ననాటనే తిరుగలి పిడి వచ్చెను. దానితోపాటు ఆ నడకయు ఆమె నాలుకకు పట్టువడెను.

పదుమూడవయేట ఆమెకు వివాహమయ్యెను. భర్త జలగాంవ్ నివాసియైన నథూజీ చౌధరి. ఆటపాటలు మానని వయస్సున ఆమె పుట్టిల్లు విడిచి అత్తవారింట అడుగుపెట్టెను. వారిదియు వ్యవసాయకుటుంబమే. క్రొత్తకోడలు అందఱికంటె ముందు మేల్కొని, అందఱికంటె వెనుక పండుకొనవలెను. తిరుగలి, పొయ్యి, పశువులు, పొలము—ఈ నాలుగింటి నడుమ దినము గడచిపోవును. అసోదె ఎంతో దూరము లేదు. కాని కోడలికి పుట్టింటి దారి దూరముచేత గాక అనుమతిచేత కొలువబడెడిది.

ఖాందేశమున అక్షయతృతీయను అఖాజీ యని పిలుతురు. ఆ పండుగకు పెండ్లియైన కూతుండ్రు పుట్టింటికి వత్తురు. వేపచెట్లకు ఉయ్యాలలు కట్టి ఊగుచు పాడుదురు. ఎండలు మండుచున్నను ఆ కొలదిదినములును వారికి చల్లని దినములే. బహిణాబాయి ఈ పండుగనుగూర్చి పాట కట్టెను. పుట్టింటినిగూర్చి ఆమె కట్టిన పాట మఱింత ప్రసిద్ధమైనది. పుట్టింటి త్రోవను తలచి మురిసిపోవుచున్న ఇల్లాలిని ఒక యోగి ప్రశ్నించుట ఆ పాటలోని విషయము. పుట్టిల్లు అంత ప్రియమైనచో అత్తవారింట నుండుట యెందుకని అతని సందేహము. దానికి ఆమె యిచ్చిన సమాధానమున ఆడుదాని బ్రతుకంతయు ఇమిడియున్నది. తల్లియైనది ఓర్పుతో కాపురము నిలుపుకొన్నప్పుడే ఆమె కూతునకు పుట్టిల్లను చోటు ఒకటి మిగులునని ఆమె భావము. ఆ యోగి సన్న్యాసమునకంటె ఈ యిల్లాలి సంసారము తక్కువ తపస్సు కాదని వినువారికి తోచును.

నథూజీ దంపతులకు ముగ్గురు బిడ్డలు కలిగిరి. కూతురు కాశి, కొడుకులు ఓంకార్, సోపాన్. జ్ఞానదేవుని తమ్ముని పేరు సోపానుడు. ఆ భక్తుని పేరే చిన్నకొడుకున కుండెను. అతడు 1907వ సంవత్సరమున జన్మించెను.

ఆ కాలమున బొంబాయి రాష్ట్రమును ప్లేగు వ్యాధి పీడించుచుండెను. 1896లో బొంబాయి నగరమున కనిపించిన ఆ మహమ్మారి అనతికాలముననే లోపలి జిల్లాలకు ప్రాకెను. ఇండ్లలో ఎలుకలు చచ్చి పడినచో జనులు భయపడి ఊళ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనెడివారు. లక్షలకొలది ప్రజలు మడిసిరి. ప్రాణములతో బయటపడిన వారిలో కొందఱు అవిటివారైరి. బహిణాబాయి కుమారుడు ఓంకార్ ఆ వ్యాధివాత బడి, బ్రతికియు వికలాంగుడయ్యెను. బిడ్డ బ్రతికినందుకు సంతసింపవలెనో, వాని కాళ్ల బలము పోయినందుకు దుఃఖింపవలెనో తెలియని స్థితి ఆ తల్లిది.

ఆమెకు ముప్పది యేండ్లు వచ్చునప్పటికి అంతకంటె పెద్ద దెబ్బ తగిలెను. భర్త నథూజీ మరణించెను. సోపాన్ అప్పటికి పసివాడు. ఓంకారునకు తల్లి ఆసరా లేనిదే గడవదు. కాశికి చేయవలసిన బాధ్యతలు మిగిలియున్నవి. నాటి సమాజమున భర్త పోయిన స్త్రీకి నుదుటి కుంకుమయు, చేతి గాజులును తీసివేయుటతో ముగియదు. శుభకార్యములలో ఆమె ముఖము చూడరాదు. బంధువుల మాటలలో జాలికంటె చులకన యెక్కువ. ఇంటిలో మగదిక్కు లేనిచో పొలము గట్టుపైనుండి పాలివాని వఱకు అందఱును పరీక్షించువారే. ఇట్టి సమయమున ధైర్యము చెడినచో ముగ్గురు బిడ్డలును దిక్కులేని వారగుదురు.

బహిణాబాయి ఏడ్చెను. ఏడ్చుటకు ఆమె సిగ్గుపడలేదు. కాని ఏడ్పునకు లొంగిపోను లేదు. తన ప్రాణమును తానే పిలిచి, ఏడ్వవలదని బుజ్జగించు పాటలు ఆమె కట్టెను. చెఱిగిన కుంకుమ క్రింద దాగిన నుదుటివ్రాతను, పగిలిన గాజుల క్రింద మిగిలిన మణికట్టును ఆమె తన పాటలో తేఱిపాఱ చూచెను. అందు తిట్టు లేదు, శాపము లేదు. తన దుఃఖమును ఒక కాపుటిల్లాలు పొలములోని తెగులును చూచినట్లు నిదానముగా చూచి, ఇక చేయవలసిన పని యేమియని ఆలోచించుట కలదు.

ఆ దినములలో చేతిగీతలు చూచి జోస్యము చెప్పువారు ఇంటింటికి వచ్చెడివారు. దుఃఖములోనున్న స్త్రీలు వారిని ఆశ్రయించుట పరిపాటి. బహిణాబాయి జోస్యులకొక పాట చెప్పెను. తన వాకిటికి రావలదని, తన భాగ్యము తనకు తెలిసినదేనని, దానిని చేతిగీతలలో వెదకవలసిన పని లేదని ఆ పాటలోని తాత్పర్యము. దైవమునందు ఆమెకు గల భక్తి అపారము. కాని దైవము పేర భయపెట్టువారిని ఆమె లెక్కచేయలేదు. గ్రహములకంటె తన రెండుచేతులను ఆమె యెక్కువ నమ్మెను. ఆ చేతులకు బలమిచ్చువాడే దేవుడని ఆమె దృఢవిశ్వాసము.

నాటినుండి ఆమె జీవితము నాగలిచాలువలె తిన్నగా సాగెను. తొలకరికి విత్తుట, శ్రావణమున కలుపు తీయుట, పంట చేతికి వచ్చిన పిమ్మట కోత, నూర్పు, తూర్పాఱబట్టుట, చలిదినములలో ప్రత్తి ఏరుట—ఏటికేడు ఇవే పనులు. ప్రతి పనికిని ఆమెకొక పాట కలదు. విత్తనమును గూర్చిన పాటలో, మట్టి యొడిలో నిదురించిన గింజ వానతో మేల్కొని మొలకయై తలయెత్తుటను ఆమె పసిబిడ్డను చూచు తల్లి కన్నులతో చూచెను. నూర్పుపాటలో కళ్లమున ఎద్దుల నడక వినబడును. పొలా యను పండుగనాడు ఖాందేశపు రైతులు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజింతురు. ఆ పండుగ పాటలో ఎద్దుల శ్రమకు మనుష్యులు పడిన ఋణమును ఆమె మఱవలేదు.

తూర్పాఱబట్టునప్పుడు గాలి కావలెను. చేటలోని గింజను ఎత్తునుండి వదలినప్పుడు గాలికి పొట్టు దూరముగా పోయి, గట్టిగింజ కాళ్లకడ రాశిగా పడును. గాలి స్తంభించినచో రైతు చేట పట్టుకొని నిలుచుండవలసినదే. అట్టి సమయమున గాలిని బంధువును పిలిచినట్లు పిలుచు పాట ఆమె కట్టెను. ఒకవేళ గాలి రాకున్నను ఆమెకు కోపము లేదు. వచ్చువఱకు వేచియుండుట ఆమెకు తెలియును. ఆమె జీవితమంతయు అట్టి నిరీక్షణమే. పొట్టు ఎగిరిపోవునని, గట్టిగింజ నిలుచునని ఆమె నమ్మెను.

పొలమునుండి ఇంటికి వచ్చిన తరువాత పొయ్యి. తడిసిన పిడకలు అంటుకొనవు. పొగకు కన్నులు మండును. దీపములో నూనె నిండుకొనును. ఈ చిన్న చిన్న చిక్కులను సైతము ఆమె పాటలలో ఇమిడ్చెను. సంసారమునుగూర్చి ఆమె కట్టిన పాట మహారాష్ట్రమున నేటికిని ప్రతి నోటను వినబడుచున్నది. కాలుచున్న పెనముపై జొన్నరొట్టెను త్రిప్పునప్పుడు ఇల్లాలి చేయి కాలును. చేయి కాలకుండ రొట్టె రాదు. సంసారసుఖము సైతము అట్టిదేయని ఆ పాట బోధించును. వేదాంతగ్రంథములలో ఎన్నియో పుటలలో చెప్పబడిన సత్యమును ఆమె పెనముమీద చూపించెను.

గిజిగాని గూటినిగూర్చి ఆమె కట్టిన పాటయు మిక్కిలి ప్రసిద్ధము. గిజిగాడు గడ్డిపోచలను చీల్చి తెచ్చి, చెట్టుకొమ్మకు వ్రేలాడునట్లు గూడు అల్లును. చేతులు లేని చిన్నపిట్ట ముక్కుతోనే అంత నేర్పు చూపుట బహిణాబాయికి ఆశ్చర్యము కలిగించెను. రెండు చేతులును పది వ్రేళ్లును ఉండియు సోమరియై కూర్చున్న మనుష్యుని ఆమె ఆ పిట్ట ముందు నిలిపెను. బిడ్డలకొఱకు ప్రాణమును కొమ్మకు వ్రేలాడగట్టిన ఆ పక్షిలో ముగ్గురు బిడ్డల తల్లియైన ఆమెకు తన రూపమే కనబడియుండును.

మనస్సును గూర్చిన పాటలో ఆమె దానిని పచ్చని పైరులో పడిన పశువుతో పోల్చెను. ఎంత తఱిమినను అది మరల మరల చేనిలోనికే వచ్చును. పైరు కాచిన వారెల్లరకు ఈ పోలిక వెంటనే అర్థమగును. మఱియొక పాటలో మనుష్యుడు నిజముగా మనుష్యుడగుట ఎన్నడని ఆమె ప్రశ్నించెను. మెత్తనిమాటలు ఆడుటయే గాక, లోభమును కృతఘ్నతను కనికరము లేక మందలించుటయు ఆమెకు చేతనగును. అయినను ఆమె మందలింపు తల్లి మందలింపు. విన్నవానికి సిగ్గు కలుగును గాని పగ కలుగదు.

ఈ మాటలన్నియు ఎచ్చటనుండి వచ్చుచున్నవని ఎవరైన ఆలోచించినచో ఆమె పాటలోనే సమాధానము దొరకును. సరస్వతి తనకు తల్లియని, తన మనస్సులో రహస్యములను విత్తినది ఆ తల్లియేయని ఆమె నమ్మెను. చదువుల తల్లి చదువురాని కూతురిని వెదకికొని వచ్చుటలో ఆమెకు విడ్డూరమేమియు కనబడలేదు. దేవుడు గుడిలో మాత్రమే యుండునని ఆమె ఎన్నడును తలపలేదు. మొలకలోను, గాలిలోను, సూర్యకిరణములోను, ఆవుపాలలోను ఆమెకు ఆయన కనబడెను. తెల్లవాఱుజామున తిరుగలి త్రిప్పుటయే ఆమె పూజ. రాలిన పిండియే ప్రసాదము.

ఈ పాటలు పుట్టిన క్షణముననే గాలిలో కలిసిపోయెడివి. ఆమెకు వ్రాయుట రాదు. వ్రాసి దాచవలెనను కోరికయు లేదు. పని ముగిసినప్పుడు పాటయు ముగిసెడిది. మఱునాడు అదే పాట వేఱొక రీతిగా వచ్చును; లేదా అసలు రాకయే పోవును. ఇట్లు ఎన్ని పాటలు నశించినవో లెక్కలేదు. తరతరములుగా తిరుగలికడ పాడిన స్త్రీలందఱి పాటలకును పట్టిన గతియే ఆమె పాటలకును పట్టవలసియుండెను.

అట్లు కాకుండుటకు కారణము ఆమె చిన్నకొడుకు. తనకు లేని చదువు బిడ్డకుండవలెనని ఏ తల్లియైనను కోరుకొనును. బహిణాబాయి కష్టము వృథా కాలేదు. సోపాన్ చదువుకొని, సోపాన్‌దేవ్ చౌధరి యను పేర మరాఠీ కవులలో ఒకడై గౌరవము పొందెను. తాను నేర్చిన కవిత్వము పుస్తకములలోనిదైనను, అంతకు పూర్వమే తన యింటిలో తిరుగలి చప్పుడులో కవిత్వము కలదని అతడు గుర్తించెను. అతడును, అతని బంధువొకడును తల్లి పాడుచుండగా విని, వీలు చిక్కినప్పుడెల్ల ఆ పాటలను కాగితముపై వ్రాసి యుంచిరి. తల్లి చేతికి రాని అక్షరము కొడుకు చేతికి వచ్చి ఆమె ఋణమును ఈ విధముగా తీర్చుకొనెను.

జలగాంవ్‌లోని ముద్రణాలయమును గూర్చియు బహిణాబాయి ఒక పాట కట్టెను. తెల్లని కాగితము యంత్రములో నలిగి అక్షరములతో బయటికి వచ్చుట ఆమెకు వింత గొలిపెను. అచ్చుపడిన కాగితము సైతము జ్ఞానము గలదగుచుండగా మనుష్యుడు మాత్రము అజ్ఞానిగనే మిగిలిపోవుచున్నాడే యని ఆమె నవ్వుచు బాధపడెను. తన పాటలే ఒకనాడు అట్టి యంత్రముగుండ వెడలి వేలమంది చేతులకు చేరునని ఆనాడు ఆమె కలనైనను తలచియుండదు.

1951వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన బహిణాబాయి తన 71వ యేట జలగాంవ్‌లో కన్నుమూసెను. ఆమె మరణము పట్టణము దాటి ఎవరికిని తెలియలేదు. ఒక రైతుకుటుంబపు వృద్ధురాలు పోయినదని మాత్రమే ఇరుగుపొరుగు అనుకొనిరి. ఆమె బ్రతికియున్నంతకాలము ఆమె పాటలతో ఒక్క పుస్తకమైనను వెలువడలేదు.

తల్లి పోయిన పిమ్మట సోపాన్‌దేవ్ ఆ వ్రాతప్రతిని ఆచార్య ప్రహ్లాద కేశవ అత్రేకు చూపించెను. అత్రే ఆ కాలపు మరాఠీ సాహిత్యమున మహాప్రతిభావంతుడు. నాటకకర్త, పత్రికాసంపాదకుడు, హాస్యరచయిత, గొప్ప వక్త. పల్లెటూరి పేదతల్లి కథయైన శ్యామ్‌చీ ఆయీ యను గ్రంథమును చలనచిత్రముగా తీసి, 1954లో రాష్ట్రపతి బంగారుపతకమును మొట్టమొదట పొందినవాడు ఆయనయే. సోపాన్‌దేవ్ సంకోచముతోనే పాటను వినిపించెను. చదువురాని తల్లి పాటలను పండితులు మెత్తురో లేదో యని అతనికి శంక. అత్రే ఆ పాటలను చూచి పరవశుడయ్యెను. ఇది మేలిమి బంగారమని, దీనిని మహారాష్ట్రమునకు చూపక దాచియుంచుట నేరమని ఆయన నిర్ణయించెను.

1952వ సంవత్సరమున అత్రే పీఠికతో బహిణాబాయి పాటల సంపుటము వెలువడెను. అది చిన్న పుస్తకము. తొలి ముద్రణమున 35 పాటలు మాత్రమే యుండెను. కాని మరాఠీ పాఠకులు దానిని చదివి ఆశ్చర్యచకితులైరి. ఆ పాటల భాష పట్టణముల భాష కాదు. ఖాందేశపు రైతులు పొలములలో ఆడుకొను పలుకుబడి యది. వర్హాడీ, అహిరాణీ మాండలికముల కలయిక. నాగరికులు మోటుగా భావించిన ఆ పలుకుబడిలో ఇంత సొగసు, ఇంత లోతు ఉన్నవని ఆమె పాటలు చూపించినవి. పండితులును, పామరులును సమానముగా వానిని నోట పట్టిరి. మహారాష్ట్రమున బడిపిల్లలు పాఠ్యపుస్తకములలో ఆమె పాటలను చదువుకొనిరి.

జలగాంవ్‌లో 1990లో ఉత్తర మహారాష్ట్ర విశ్వవిద్యాలయము వెలసెను. 2018లో ఆ విశ్వవిద్యాలయమునకు కవయిత్రి బహిణాబాయి చౌధరి పేరు పెట్టిరి. బడి గడప తొక్కని స్త్రీ పేర నేడు వేలకొలది విద్యార్థులు పట్టములు పుచ్చుకొనుచున్నారు. ఆమెను గౌరవించుటకు ఇంతకంటె తగిన మార్గము వేఱొకటి లేదు.

బహిణాబాయి జీవితమున గొప్ప సంఘటనలు లేవు. ఆమె దేశములు తిరుగలేదు, సభలలో ప్రసంగింపలేదు, ధనము కూడబెట్టలేదు. చిన్నతనముననే కాపురము, నడివయస్సు రాకమునుపే వైధవ్యము, అవిటిబిడ్డ, ఆగని చాకిరి—ఇదియే ఆమెకు దొరికిన భాగము. ఇట్టి భాగమే దొరికిన తల్లులు మన దేశమున లక్షలమంది కలరు. ఆమె ఆ భాగమును తిరుగలిలో పోసిన జొన్నలవలె ఓపికతో విసరి, పదిమంది ఆకలి తీర్చు పిండిగా మార్చెను. రాళ్ల నడుమ నలుగుట గింజకు తప్పదు. నలిగినది అన్నమగునని ఆమె నమ్మకము. ఆ నమ్మకమే ఆమెను నిలిపినది. ఆమె పాటను నిలిపినది. ఆమె పాట నిలుచుటకు కొడుకు నేర్చిన అక్షరము తోడుపడినది. తల్లుల నోళ్లలో నేటికిని నిలిచియున్న పాటలను వినుటయు, విన్నవానిని వ్రాసి యుంచుటయు చదువుకొన్న బిడ్డల విధి.